వెల్లుల్లి వాసన వెంట కమలాపురం దాకా

ఆవు తేన్పుల కోసం కర్నూలు నుంచి కమలాపురం దాకా ఎవరైనా పోతారా అని మా అమ్మ అడిగింది. ఎవరో దాకా ఎందుకు, నేనే పోయాను. మార్చి ఎండలో, మూడు బస్సులు మారి, భుజాన వెల్లుల్లి పొడి సంచీ వేసుకొని మరీ పోయాను. పోయినసారి నేను రాసిన టపా చదివి, పల్లెల్లో పశువుల దాణా ప్రయోగాలు ఎలా చేస్తారు, అక్కడికి ఎలా వెళ్లాలి అని కొందరు అడిగారు. వాళ్ల కోసం ఇది. ఆవులతో పని లేకుండా ఊరికే ఆ దారిలో తిరిగొద్దామనుకునేవాళ్లకూ దారి, బస్సులు, మంచి టీ దొరికే చోటు ఇందులోనే ఉన్నాయి.

ముందు సంగతి చెప్పాలి. ఆవు తిన్న మేత దాని కడుపులో పులిసేటప్పుడు అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ అనే గ్యాసు తయారు చేస్తాయి. అది తేన్పులుగా బయటికి వస్తుంది. గాలిలో కలిసి భూమిని వేడెక్కించే గ్యాసుల్లో అదొకటి. అంతకంటే రైతుకు తగిలే మాట ఇంకోటుంది: కొని, మోసి, నరికి పెట్టిన మేతలో కొంత సత్తువ పాలుగా మారకుండా ఆవు నోట్లోంచి ఊరికే పోతున్నట్టు లెక్క. కరక్కాయ, కుంకుడు పెచ్చులు, వెల్లుల్లి లాంటివి దాణాలో కలిపితే ఆ గ్యాసు తగ్గుతుందా అన్నదే నా పరిశోధన. ల్యాబులో, గాజు సీసాల్లో తగ్గింది. వెల్లుల్లి కలిపినప్పుడు బాగా తగ్గింది. ఇక పల్లెలో తేలాల్సింది వేరే ఉంది. మనుషులు దాన్ని రోజూ పెట్టగలరా, ఆవు తింటుందా, పాలు పాడవకుండా ఉంటాయా? దానికోసం కమలాపురం పక్కన, పాపాఘ్ని నది ఒడ్డున ఉన్న ఒక చిన్న పల్లెలో మూడిళ్లు ఎంచుకున్నాను. కరక్కాయ, కుంకుడు పొడి పెట్టినన్నాళ్లూ ఎవరూ కిక్కురుమనలేదు. వెల్లుల్లి కలిపాక రెండిళ్లవాళ్లు మానేశారు. మూడో ఇల్లు సువార్తమ్మది. ఆమె ఒకరోజు ఊళ్లోని కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేసింది.

"పాపా, నీ మందుకో దండం. పాలు వాసనొస్తాండాయంట. టీ అంగడి మస్తాను ఇంగ వద్దంటాండాడు."

"అక్కా, రెండు దినాలు ఓపిక పట్టు. నేనే వస్తా."

"వచ్చి నువ్వేం చేస్తావు? ఆ పాలు నువ్వు తాగుతావా?"

"తాగుతా."

"అయితే రా," అని ఫోన్ పెట్టేసింది.

కాలేజీలో నా పరిశోధన చూసే మా సారుతో చెబితే ఆయన నవ్వి, "రైతుల ఇళ్లలో ఇలాంటివి నడవవమ్మా. వెల్లుల్లి తీసెయ్యి. కాదంటే, మన షెడ్డులో ఆవులున్నాయి, నీడ ఉంది, నీళ్లున్నాయి. ఇక్కడే చేసుకో," అన్నారు. నాకు ఒళ్లు మండింది. షెడ్డులో ఆవులకు మస్తాను ఉండడు, టీ తాగేవాళ్లు ఉండరు, అక్కడ నెగ్గి ఏం లాభం? సువార్తమ్మ కూడా మానేస్తే ఆ ఊళ్లో నా పని పూర్తిగా మూతపడినట్టే. అందుకే వెల్లుల్లి తీసేసే ప్రసక్తి లేదని, వాసన ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టకుండా తిరిగి రానని మా అమ్మతో ఖరాఖండిగా చెప్పాను. "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లులే," అని ఆమె టిఫిన్ డబ్బా కట్టిచ్చింది.

కర్నూలు బస్టాండులో పొద్దున ఆరింటికల్లా కడప ఎక్స్‌ప్రెస్ దొరుకుతుంది. కమలాపురం పోయేవాళ్లు కడప దాకా టికెట్టు తీసుకోనక్కరలేదు, మైదుకూరులో దిగితే చాలు. టికెట్టు వంద దాటలేదు. ఎడమవైపు కిటికీ పట్టుకుంటే పొద్దున ఎండ మొహాన కొడుతుంది కాబట్టి కుడివైపు కూర్చోండి. నంద్యాలలో బస్సు కాసేపు ఆగుతుంది, ఇడ్లీ తినే టైము ఉంటుంది. ఆ దారిలో చాలా దూరం కేసీ కాలువ మనతోపాటే వస్తుంది. నేను పోయినప్పుడు కాలువలో నీళ్లు లేవు, అడుగున మేకలు తిరుగుతున్నాయి. రోడ్డు పక్క చేలల్లో వరి కోసిన మోళ్లు, అవి దాటితే నల్లరేగడి బీళ్లు.

నంద్యాల దాటేసరికి ఎండకు బస్సు వేడెక్కింది, నా సంచీ మాట్లాడటం మొదలుపెట్టింది. పొడిని మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, పైన తువ్వాలు కట్టాను. అయినా ఇంగువ కట్టిన గుడ్డ ఎంత ఉతికితే మాత్రం ఊరుకుంటుందా? ముందు సీటు వాళ్లు ఒకసారి వెనక్కి చూశారు. కండక్టరు ముక్కు ఎగబీలుస్తూ సీటు సీటుకూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"ఏం మేడమ్, బస్సులోనే ఊరగాయ పెడతాండావా?"

"ఆవులకు మందప్పా."

"ఆవులకేమో గానీ, ఈడ మనుషులు పడిపోతాండారు. పైన పెట్టు తల్లీ."

సంచీ పై అరలోకి పోయింది. వాసన మాత్రం సీట్లోనే ఉండిపోయింది. ఆళ్లగడ్డలో అహోబిలం యాత్ర ముగించుకొని వస్తున్న ముసలి జంట ఎక్కి నా పక్కన కూర్చున్నారు. ఆ అవ్వ నా చేతిలో పులిహోర ప్రసాదం పెట్టి, ఎక్కడికి, ఎందుకు అని అడిగింది. చెప్పాను. తాత కళ్లు పెద్దవి చేశాడు.

"ఆవు తేపులు తగ్గించేదానికి కమలాపురం పోతాండావా? గవర్మెంటు దీనికి గూడా జీతమిస్తాదా?"

"స్కాలర్‌షిప్పు తాతా, జీతం కాదు."

"అట్లయితే మా ఇంటిదానికి గూడా ఒక పొట్లం ఈ తల్లీ."

"నాకెందుకు? ముందు ఈయప్పకు పెట్టు," అంది అవ్వ. "తినేది పిడికెడు, తేపులు బండెడు."

బస్సులో సగం మంది నవ్వారు, నేనూ నవ్వాను. కాసేపయ్యాక తాత నెమ్మదిగా అడిగాడు: "తెల్లగడ్డతోనే గదా తంటా. అది తీసేస్తే పాయె గదమ్మా?" మా వైపు వెల్లుల్లిని తెల్లగడ్డ అంటాం. ఆ మాట మా సారు కూడా అన్నారు. ఆ సంగతే తాతకు చెప్పి, తెల్లగడ్డ లేకుండా పెట్టి చూడటం ఎప్పుడో అయిపోయిందని, ఇప్పుడు తేలాల్సింది తెల్లగడ్డ సంగతేనని వివరించాను. "అయితే సరే. పట్టు వదలాకు," అన్నాడాయన. మైదుకూరులో దిగుతుంటే సంచీ తానే అందించి, వెంటనే చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

మైదుకూరు నుంచి ప్రొద్దుటూరుకు బస్సులు ఎప్పుడూ ఉంటాయి. ప్రొద్దుటూరులో ఎర్రగుంట్ల మీదుగా కడప పోయే బస్సెక్కితే కమలాపురంలో దింపుతుంది. కడప దాకా పోయి మళ్లీ వెనక్కి రావడం కంటే ఇదే మేలు. ఎర్రగుంట్ల దాటాక రోడ్డుకు రెండువైపులా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు, తెల్లటి దుమ్ము. కిటికీ మూసుకోండి. కమలాపురంలో దిగేసరికి ఒంటిగంట దాటింది. దిగీదిగగానే నేను సువార్తమ్మ ఇంటికి పోలేదు, నేరుగా మస్తాను టీ అంగడికి పోయాను. దారి పొడవునా నాకు నేనే ఒకటి తేల్చేసుకున్నాను: తప్పు పాలది కాదు. మందు పెడుతున్నారని విని ఈయన లేని వాసన ఊహించుకుంటున్నాడు, కాదంటే క్యాను శుభ్రంగా లేదు.

అంగడి రైల్వే స్టేషను పోయే దారిలో ఉంది. రేకుల చూరు, రెండు బల్లలు, కిరోసిన్ స్టవ్వు. మస్తానుకు యాభై ఏళ్లుంటాయి. గళ్ల లుంగీ, మెడలో తువ్వాలు. సువార్తమ్మ పేరు ఎత్తగానే నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"తెల్లగడ్డ డాక్టరమ్మ నువ్వేనా?"

ఒంటికాలి మీద లేచాను. "మీరు పాలు తాగి చూశారా, ఊరికే వద్దన్నారా? మందు అనగానే వాసన అనుకుంటే ఎట్ల?"

ఆయన స్టవ్వు వైపు తిరిగాడు. పొద్దున సువార్తమ్మ తెచ్చిన పాలు కాచి ఒక గిన్నెలో పక్కన పెట్టి ఉంచాడు. వాటితో ఒక టీ, వేరేవాళ్ల పాలతో ఒక టీ పెట్టి, రెండు గ్లాసులు నా ముందు ఉంచాడు. ఏది ఎవరిదో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. మొదటి గ్లాసు ముక్కు దాకా రాకముందే తెలిసిపోయింది. అది టీ కాదు, చారు. చారులో చక్కెర వేసినట్టుంది.

"చెప్పు మేడమ్. ఇది టీనా?"

"కాదు," అన్నాను. ఇంకేమంటాను?

"పొద్దన్నే ఫస్టు బండికి రైల్వే గ్యాంగోళ్లు వస్తారు. వాళ్లల్లో ఓబులేసని ఒకడుండాడు, రెండు తూర్లు గ్లాసు తిరిగిచ్చినాడు. సువార్తమ్మ పాలు ఎనిమిదేండ్ల నుంచి పోయించుకుంటాండా, శానా చిక్కటి పాలు. ఆయమ్మను వద్దనేదానికి నాకు నోరు రావడంల్యా. రేపు పొద్దన ఒక్కపూట చూస్తా. వాసన లేకుంటే సరే. ఉంటే నీ మందన్నా మానాల, నా అంగడన్నా మానాల. ఆయమ్మనే తేల్చుకోమను."

ఊహ కాదు, వాసన నిజమే. దారి పొడవునా నేను అల్లుకొచ్చిన వాదన అక్కడే కూలింది. సిగ్గుగా ఉన్నా, ఆ మనిషి మీద కోపం మాత్రం పోయింది. రెండో గ్లాసు టీ తాగి, ఆటో ఎక్కాను. పల్లెకు షేర్ ఆటో ఐదు రూపాయలు. పదిమంది ఎక్కితేనే కదులుతుంది, కదిలితే మాత్రం ఆగదు. దారిలో పాపాఘ్ని వంతెన వస్తుంది. కింద నీళ్లు లేవు. ఇసుకలో చెలమలు తవ్వి ఆడవాళ్లు బిందెలు నింపుకుంటున్నారు.

సువార్తమ్మ ఇల్లు చర్చి వెనక వీధిలో ఉంది. భర్త పోయాక ఎకరన్నర మెట్ట, ఒక సీమావు, వీటి మీదే బతుకుతోంది. ఆవు పేరు రోజా. నన్ను చూడగానే చెంబుతో నీళ్లిచ్చి, నేను తాగుతుండగానే తిట్టడం మొదలుపెట్టింది.

"నీకు మాటిచ్చినా గాబట్టి పెడతాండా పాపా. లేకుంటే ఎప్పుడో పారేసేదాన్ని. ఆ ఇద్దరూ వారానికే వద్దనిరి. నేను మాటిస్తినే, ఏం చేసేది? మస్తాను ఏమన్నాడు?"

ఆయన పెట్టిన గడువు చెప్పాను. ఆమె గడప మీద కూలబడింది.

"మాట పోగొట్టుకోమంటావా, అంగడి పోగొట్టుకోమంటావా? నువ్వే చెప్పు. పాస్టరయ్యను పిలిపించి రోజా మీద చెయ్యి పెట్టి ప్రార్థన గూడా చేపిచ్చినా. వాసన పోలా."

ఆ మాటకు నవ్వు రావాలి గానీ నాకు ఏడుపొచ్చినంత పనైంది. మానేయమని నేనొక మాటంటే ఆమె ఆ క్షణమే ఒడ్డున పడుతుంది. నోటిదాకా వచ్చిన ఆ మాటను మింగేసి, "సాయంత్రం పాలు పితికేదాకా ఆగక్కా. నేను చూస్తా," అన్నాను. ముందు క్యాను చూశాను. చింతపండుతో తోమి ఎండలో బోర్లించి ఉంది, తల లోపల పెట్టి వాసన చూసినా ఏమీ లేదు. పొడి డబ్బా ఎక్కడుందో చూశాను. పాలు పెట్టే చోటికి దూరంగా, అటక మీద ఉంది. పాలు వడగట్టే గుడ్డ, కాచే గిన్నె, కడిగే నీళ్లు, అన్నీ చూశాను. ఏ తప్పూ లేదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఐదు దాటాక సువార్తమ్మ బకెట్టు తీసుకుంది. అందులో తౌడు, చెనిక్కాయల చెక్క (నూనె తీసిన వేరుశనగ పిప్పి), నీళ్లు, నా పొడి రెండు చెంచాలు వేసి చేత్తో కలిపింది. బకెట్టు రోజా మూతి ముందు పెట్టింది. రోజా తల దూర్చింది. సువార్తమ్మ పక్కకు వచ్చి, పొదుగు కడిగి, గొంతుకూర్చొని పితకడం మొదలుపెట్టింది. ఆవు తింటోంది, తింటూ తేన్చుతోంది, వెల్లుల్లి ఘాటు గుప్పున కొట్టింది, ఇటు పాలు చెంబులో నురగ కడుతున్నాయి.

"ఆపక్కా!" అని అరిచాను. అరిచి ఊరుకోకుండా బకెట్టు లాగేశాను. రోజా అదిరిపడి కాలు విదిలించింది, చెంబు దొర్లబోతే సువార్తమ్మ పట్టుకుంది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా పాపా? బకెట్టు తీస్తే అది పాలిస్తాదా? చూడు, ఎగచేపె!"

నిజమే, పాలు ఆగిపోయాయి. రోజా పాలన్నీ పొదుగులోకి పైకి లాక్కొని నావైపు గుర్రుగా చూసింది. మళ్లీ వట్టి తౌడు ముందు పెట్టి, మెడ నిమిరి, బతిమాలితే గానీ చేపలేదు, పాలు కిందికి వదల్లేదు. ఆ బతిమాలే వ్యవధిలో నాకు మొత్తం అర్థమైపోయింది.

మా కాలేజీ షెడ్డులో పాలు పితికే చోట ఆవులకు దాణా పెట్టరు. పితికి, కొట్టంలోకి తోలాక తొట్లలో పోస్తారు. అందుకని, "రెండు పూటలా దాణాలో కలిపి పెట్టక్కా," అని నేను చెప్పినప్పుడు నా మనసులో ఉన్నది ఆ తొట్టి. ఈ పల్లెల్లో దాణా అంటే ఆవును చేపడానికి పితికేటప్పుడు పెట్టే బకెట్టు. వేరే వేళ దాణా ఎవరూ పెట్టరు, మిగతా పొద్దంతా చొప్ప, గడ్డే. ఎప్పుడు పెట్టాలో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు, అడగాల్సిన అవసరం ఇద్దరికీ కనిపించలేదు. వెల్లుల్లి తిన్న ఆవు ఊపిరిలోంచి, కడుపులోంచి ఆ వాసన రక్తంలోకి, అక్కణ్ణుంచి పాలలోకి చాలా తొందరగా దిగుతుంది. తిన్న కొన్ని గంటలకు పోతుంది కూడా. మేం సరిగ్గా వాసన దిగే వేళ చూసుకొని పితుకుతున్నాం. మానేసిన రెండిళ్లలోనూ జరిగింది ఇదే అయ్యుంటుంది.

ఇదంతా చెబితే సువార్తమ్మ నోరు తెరుచుకొని వింది. విని, "అట్లయితే పితికినాక పెట్టమంటావు?" అంది.

"ఔనక్కా. పితికేటప్పుడు వట్టి తౌడు, చెక్క. పితికినాక ఇంకో బకెట్టులో పొడి కలిపి పెట్టు."

"ఎవురు పెడతారు? పొద్దన పితికిన వెంటనే నేను ఫస్టు బండికి అందేటట్టు మస్తాను కాడికి ఉరకాల. ఆడ నుంచి అట్లే కూలికి పోతా. మళ్లా ఇంటికొచ్చి ఇంకో బకెట్టు కలిపే దానికి నాకేమన్నా నాలుగు చేతులుండాయా? అది అయ్యే పని కాదు పాపా."

మళ్లీ మొదటికొచ్చింది. నాకు చిరాకొచ్చింది, ఆమె మీద కాదు, నా మీదే. చెంబులోని పాలు చూపించి సువార్తమ్మ నవ్వింది. "ఫోన్లో ఏమంటివి? తాగుతా అంటివి గదా. తాగు మల్ల." కాచి గ్లాసులో పోసిచ్చింది. మాటంటే మాటే కాబట్టి తాగాను. ముక్కు మూసుకొని, ఒక్క గుక్కలో. ఆమె పగలబడి నవ్వుతూ నా వీపు నిమిరింది. ఆ నవ్వు చూశాక ఈ పని వదలకూడదని నాలో పట్టుదల ఇంకా గట్టిపడింది.

చీకటి పడుతుండగా భోజనానికి కూర్చున్నాం. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి అనే పచ్చడి, కాస్త పప్పు. ఆ వైపు పోతే సంగటి వేడిగా ఉన్నప్పుడే తినండి, ఊరిబిండి మాత్రం తక్కువ తక్కువగా పెట్టుకోండి, కారం చెవుల్లోంచి వస్తుంది. తిన్నాక సువార్తమ్మ సట్టిలో మిగిలిన సంగటి గీకి, ముద్ద చేసి, లేచి నిలబడింది.

"యాడికక్కా?"

"రోజాకు. మా అత్త కాలం నుంచి ఆఖరు ముద్ద గొడ్డుదే. అది పెట్టంది మాకు నిద్ర రాదు."

నేను ఎంగిలి చేత్తోనే ఆమె కొంగు పట్టుకున్నాను. "అక్కా, ఆ ముద్దలో పెడదాం! రోజుకొక్కసారి, రాత్రి ముద్దలో. తెల్లారి పితికేసరికి వాసన పోయింటాది. బకెట్టులో అసలు వద్దు."

ఆమె ముద్ద వైపు చూసింది, నా వైపు చూసింది. "నువ్వు రెండు పూటలా అన్నావు గదా. మీ సారు ఒప్పుకుంటాడా?"

"సారుతో నేను చూసుకుంటా. నువ్వు రోజాతో చూసుకో."

బకెట్టులో సగమే తిన్నది కాబట్టి మిగతా సగానికి సరిపడా పొడి సంగటిలో కలిపాం. రోజా వాసన చూసి ఒకసారి తల తిప్పేసింది. సువార్తమ్మ "తినవే, మేడమ్ కర్నూలు నుంచి తెచ్చింది," అని కొమ్ముల మధ్య గోకుతూ చిన్న చిన్న ముద్దలు నోట్లో పెడితే నాలుక చాపి తినేసింది. సువార్తమ్మ నాకు బయట మంచం వేసింది. పడుకున్నానే గానీ మనసంతా తెల్లవారుజాము పాల మీదే ఉంది.

ఇంకా వెలుగు రాకముందే సువార్తమ్మ లేచింది. బకెట్టులో వట్టి తౌడు, చెక్క. రోజా మామూలుగానే చేపింది. పాలు వడగట్టాక నేను గిన్నె మీదికి వంగి వాసన చూశాను. ఏమీ తెలియలేదు. కానీ నా ముక్కును నేనే నమ్మలేను. ఆ సంచీతో బస్సులో రోజంతా గడిపి, నిన్న ఆ పాలు తాగిన ముక్కు అది.

"నువ్వు చూడక్కా."

"నా ముక్కు చచ్చి శానా దినాలాయె పాపా. మస్తానే చెప్పాల."

క్యాను చంకన పెట్టుకొని ఇద్దరం నడిచాం. ఆటోలు ఆ వేళకు ఉండవు. వంతెన మీద చల్లటి గాలి. దర్గా వైపు నుంచి నమాజు పిలుపు వినిపిస్తోంది. సువార్తమ్మ పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. పరీక్ష హాలుకు పోయేటప్పుడు కూడా నేను అంత భయపడలేదు. వాసన ఉంటే, ఇక మానేయమని నా నోటితో నేనే చెప్పాలని దారిలో నిర్ణయించుకున్నాను. ఆమెతో ఆ మాట అనిపించకూడదు.

మస్తాను పాలు తీసుకొని స్టవ్వు మీద పెట్టాడు. పొంగు రాగానే వంగి వాసన చూశాడు. మొహంలో ఏ భావమూ లేదు. టీ పొడి వేశాడు, చక్కెర వేశాడు. "ఎట్లుండాయి?" అని సువార్తమ్మ అడిగితే, "నేను చెప్తే ఏముంది? తాగేవోళ్లు చెప్పాల," అన్నాడు. అప్పుడే పలుగులు గోడకు ఆనించి గ్యాంగువాళ్లు ఐదారుగురు వచ్చి బల్లల మీద కూర్చున్నారు. మస్తాను అందరికీ గ్లాసులు ఇచ్చి, ఒక గ్లాసు బక్కగా, మఫ్లరు చుట్టుకున్న మనిషి చేతికిచ్చి నావైపు కనుసైగ చేశాడు. అతనే ఓబులేసు.

ఓబులేసు ముందు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. సువార్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మస్తానూ," అన్నాడు ఓబులేసు, "మార్చినావా పాలు?"

"మార్చలే," అన్నాడు మస్తాను.

"మళ్లా బాగుండాయే! ఇంకో అర గ్లాసు పొయ్యి."

నేను ఎగిరి గంతేశాను. నిజంగానే, నలుగురిలో, ఆ రోడ్డు మీద. మస్తాను కూడా ఇక ఆపుకోలేక పెద్దగా నవ్వాడు. సువార్తమ్మ నవ్వలేదు. కొంగుతో కళ్లు తుడుచుకొని, ఖాళీ క్యాను అందుకొని, నా వైపు తిరిగింది. "పా పాపా, ఆ ఇద్దరి ఇండ్లకు పోదాం. వాళ్లు ఇంగా కూలికి పోయుండరు. వాళ్లు గూడా బకెట్టులోనే పోసింటారు. నువ్వు చెప్తే వినరు, నేను చెప్తా."

ఆ రోజు ఆమె కూలికి పోలేదు. రెండిళ్లలోనూ నేను మాట్లాడింది తక్కువ. సువార్తమ్మే ఒక చేత్తో ముద్ద చేసి చూపిస్తూ, ఇంకో చేత్తో ఓబులేసు గ్లాసు పట్టుకున్న తీరు చేసి చూపిస్తూ చెప్పింది. ఒకరు వెంటనే ఒప్పుకున్నారు. ఇంకొకరు ఆదివారం చర్చి అయ్యాక చెబుతామన్నారు. తెచ్చిన పొడి అంతా అక్కడే పెట్టి, మధ్యాహ్నం బస్సుకు కడప వచ్చేశాను. కడప నుంచి ఒంటిమిట్ట గంటలోపు దారే. రామాలయం చూసి పోదామనుకున్నాను గానీ ఒంటి నిండా వెల్లుల్లి వాసనతో గుళ్లోకి పోవడానికి మనసొప్పక, కర్నూలు బస్సెక్కేశాను. మీరు ఆవుల పని మీద పోకపోతే తప్పకుండా చూసి రండి.

తిరుగు బస్సులో సారుకు ఏం చెప్పాలో వరసగా అనుకుంటూ వచ్చాను. రోజుకొక పూట పెడితే గ్యాసు ఎంత తగ్గుతుందో నాకింకా తెలియదు. సీసాల్లో మళ్లీ మొదటినుంచి చూడాలి, షెడ్డులోనూ చూడాలి. తక్కువే తగ్గవచ్చు. అయినా చేస్తాను. పుస్తకంలో రెండు పూటలా రాసుకున్న మందు కంటే, ఆవు తినే మందు, సువార్తక్క రోజూ పెట్టగలిగే మందు నాకు ముఖ్యం. ఆమె పొద్దు ఎలా గడుస్తుందో చూడకుండా నేను దాణా గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఇకనుంచి ఏ ఊరు పోయినా ముందు ఒక సాయంత్రం ఊరికే కూర్చొని పాలు పితకడం చూస్తాను, ఆ తర్వాతే సంచీ విప్పుతాను. సారు ఇదంతా విన్నారు. తర్వాత, "రాత్రి ముద్దా?" అని అడిగి, నా ప్రయోగం కాగితం మీద 'రెండు పూటలా' కొట్టేశారు.

పోయేవాళ్లకు ఒక్క సలహా. కమలాపురంలో మస్తాను టీ తాగాలనుకుంటే మొదటి బండి వచ్చే వేళకే పోండి. ఎండ ఎక్కాక పోతే వేరే పాలతో పెట్టిన టీ ఇస్తాడు. సువార్తక్క పాలు అప్పటికే అయిపోయి ఉంటాయి.